బావ పంచ్ కొట్టని ఇత్తడి ముక్క

మొన్న ఆటోనగర్‌లో మా బావ లేత్ షెడ్డుకి వెళ్ళాను. వీడియో కోసం కాదండీ, టీ కోసం. అక్కడ చూసిందే ఇవాళ మీతో చెప్పాలనిపించింది.

నేను కూర్చున్న కాసేపటికి వైజాగ్ నుంచి ఒకాయన వచ్చాడు. సముద్రంలో డైవింగ్ చేస్తాడట. జేబులోంచి బొటనవేలంత ఇత్తడి ముక్క తీసి, "ఇలాంటివి పది కావాలండీ" అన్నాడు. బావ వెర్నియర్ పెట్టి చూశాడు, ఓ-రింగ్ (లీకు ఆపే రబ్బరు రింగు) కూర్చునే గాడిని గోటితో తడిమాడు, గంటన్నరలో ఒకటి తిప్పేశాడు. పాతదాని పక్కన పెడితే మెరుపులో తప్ప తేడా లేదు.

జాబ్ అయ్యాక బావ దాని మీద పంచ్‌తో తన అక్షరం కొడతాడు. "లీకైతే నా దగ్గరికే రావాలిగా" అంటాడు. ఆ రోజు పంచ్ చేతిలోకి తీసుకుని ఆగాడు.

"ఇంతకీ ఇది దేనికండీ?"

"రీబ్రీదర్‌కండీ. ఆక్సిజన్ లైన్లో ఉంటుంది."

రీబ్రీదర్ అంటే ఏంటో చెప్తాను. మామూలు స్కూబాలో మనం వదిలిన గాలి బుడగలైపోతుంది. రీబ్రీదర్ దాన్ని పోనివ్వదు. సోడా లైమ్ గుళికల మధ్య నుంచి పంపి కార్బన్ డయాక్సైడ్ లాగేసి, తగ్గిన ఆక్సిజన్ కలిపి మళ్ళీ మనకే ఇస్తుంది. మామూలు సిలిండర్ అయిపోతే వెంటనే తెలుస్తుంది, ఊపిరి అందదు. ఇక్కడ అలా కాదు. ఊపిరాడట్లేదన్న బాధ మనకి పుట్టేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు. దాన్నేమో మెషిన్ తీసేస్తూనే ఉంటుంది. కాబట్టి ఆక్సిజన్ తగ్గిపోతున్నా హాయిగానే ఉంటుంది, ఆ హాయిలోనే స్పృహ పోతుంది. ఆక్సిజన్ ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి, నీళ్ళలో. అందుకే మామూలుగా ఆక్సిజన్ కొలిచే సెన్సర్లు మూడు పెడతారు. రెండు ఒకే మాట చెబితే అదే నిజమనుకుంటారు. ఆ రెండూ ఒకేసారి పాతబడిపోతే మెజారిటీ తప్పు చెబుతుంది. మనకదేం కొత్త కాదులెండి.

బావ పంచ్ పక్కన పెట్టేశాడు. నా వైపు తిరిగి, "లారీ నాజిల్ లీకైతే వచ్చి తిడతాడు బావా. ఇది లీకైతే తిట్టడానికి మనిషే రాడు" అన్నాడు.

ఆయన భయంలో సగం న్యాయమే. ఎక్కువ ప్రెషర్ ఉన్న ఆక్సిజన్‌కి నూనె తగిలితే మంట పుట్టొచ్చు. ఆ షెడ్డులో నూనె అంటని వస్తువేది? టీ గ్లాసుకి కూడా ఉంటుంది. ఆక్సిజన్‌కి వాడే ముక్కని ప్రత్యేకంగా శుభ్రం చేయాలి, ఆ ఏర్పాటు బావ దగ్గర లేదు.

మరి ఆ డైవర్ కంపెనీ పార్టే కొనుక్కోవచ్చు కదా? అడిగాను. రీబ్రీదర్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట. ఆ మోడల్ మీద ట్రైనింగ్ సర్టిఫికెట్ చూపిస్తేనే పార్టులు అమ్ముతామంది బయటిదేశం కంపెనీ. పైగా పాత ఓనర్ ఏదో మార్పు చేశాడు కాబట్టి సర్వీసు కూడా చేయబోమంది. కంపెనీని తప్పుపట్టలేను. రేపేదైనా జరిగితే వాళ్ళ పేరే కదా పేపర్లో వచ్చేది.

మన చట్టం కూడా చూశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం విడిభాగం చేసినవాణ్ణీ, బిగించినవాణ్ణీ తయారీదారుడనే అంటుంది. గ్యారంటీ ఇచ్చి, వస్తువు అలా లేకపోతే, "నా నిర్లక్ష్యం లేదు" అని నిరూపించుకున్నా బాధ్యత పోదు. వాడినవాడు మార్పులు చేసి ఉంటే తప్పించుకోవచ్చు. కానీ నీళ్ళు నిండిన మెషిన్, తడిసిపోయిన సోడా లైమ్ ముందు పెట్టుకుని ఎవరేం మార్చారో తేల్చేదెలా? కేసు గెలిచినా లాయర్ ఫీజంతా తిరిగొస్తుందని లేదు. ఇన్సూరెన్స్ తీసుకుంటే, పెద్ద కంపెనీ ఆ ప్రీమియాన్ని వేల పీసుల మీద పంచుకుంటుంది. ఏడాదికి ఇరవై చేసేవాడు ఇరవై మీదే వేయాలి. పెద్దవాళ్ళకీ ఈ దెబ్బ తగిలింది. అమెరికా విమానాల కంపెనీ సెస్నా 1986లో చిన్న పిస్టన్ విమానాలు చేయడం ఆపేసింది, కేసుల ఖర్చే కారణమంది. 1994లో అమెరికా 18 ఏళ్ళు దాటిన విమానాల మీద కేసులకి హద్దు పెట్టాకే మళ్ళీ మొదలెట్టింది.

నా అసలు బాధ డబ్బు గురించి కాదు. ఇరవై పీసులు అమ్మాక, గాడి ఇంకాస్త లోతుగా ఉండాలని చేసినవాడికి అర్థమైందనుకోండి. పాత కస్టమర్లకి ఉత్తరం రాయాలి కదా? "రాస్తే పాతది లోపమని నువ్వే ఒప్పుకున్నట్టు" అని ఎవరో ఒకరు భయపెడతారు. దాంతో కొత్తవాటిలో గప్‌చుప్‌గా మార్చేస్తాడు. మాన్యువల్‌లో మాత్రం పేజీపేజీకీ "చనిపోవచ్చు" అని రాస్తాడు. సోడా లైమ్ ఎన్ని గంటలకి మార్చాలన్న ఒక్క లైను ఆ హెచ్చరికల్లో ఎక్కడో మునిగిపోతుంది. సరైన సూచనలు ఇవ్వకపోవడం కూడా చట్టం ప్రకారం తప్పే. మాట్లాడితే భయం, మాట్లాడకపోతే ఇంకో భయం.

చేసిన ముక్క బావ ఇవ్వలేదు. డబ్బులూ తీసుకోలేదు. "నూనె సంగతి మాత్రం మర్చిపోకండి" అని రెండుసార్లు చెప్పి పంపించాడు.

నిన్న బావ ఫోన్ చేశాడు. పక్క వీధిలో ఎవరో ఆ డైవర్‌కి పదీ చేసిచ్చారట. దేనికని అడగలేదట. బిల్లు మీద "బ్రాస్ జాబ్, 10" అని ఉందట. పంచ్ మార్కు లేదట.