పత్తి నేలలో సీసాల దారం: వరంగల్ టెక్స్‌టైల్ పార్కులోకి డబ్బు, పరిశ్రమలు ఎలా వస్తాయి?

[తెర మీద: ఖాళీ నీళ్ల సీసా. మూత తీస్తున్న వేళ్లు.]

ఈ సీసాను కడిగి ముక్కలు చేస్తే అటుకుల్లాంటి పలుకులు వస్తాయి. వాటిని కరిగించి సన్నటి రంధ్రాల గుండా నెడితే పాలిస్టర్ పోగు. ఈ పని చేసే గణేశా ఎకోపెట్ కర్మాగారం 2022 మే 7న వరంగల్ జిల్లాలోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో ప్రారంభమైంది. పత్తికి పేరుమోసిన ఎనుమాముల మార్కెట్ ఉన్నది ఈ జిల్లాలోనే. అయినా, తొలి విడతలో వచ్చిన ఈ పరిశ్రమకు పత్తితో పనే లేదు! పార్కు ఊహాచిత్రం గీసేది ప్రభుత్వం. అందులోకి ఎవరు అడుగుపెట్టాలన్నది మాత్రం వాళ్ల వాళ్ల లెక్కలు తేలుస్తాయి.

[తెర మీద: పాత మిల్లు, దాని పక్కన నేటి పార్కు రోడ్లు.]

1934లో నిజాం కాలంలో మొదలైన ఆజంజాహి మిల్లు వరంగల్‌కు అన్నం పెట్టింది. అది మూతపడింది. నేతపని తెలిసిన కుటుంబాలు సూరత్‌కూ భివండీకీ వలసపోయాయి. వాళ్లను వెనక్కి రప్పించాలన్న మాటతోనే 2017 అక్టోబర్ 22న గీసుగొండ, సంగెం మండలాల పరిధిలో ఈ పార్కుకు శంకుస్థాపన జరిగింది.

ఇక డబ్బు సంగతి. 2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వం, భారీ టెక్స్‌టైల్ పార్కుల కోసం తెచ్చిన పీఎం మిత్ర పథకం కింద ఏడు పార్కులను ప్రకటించింది. మొత్తం కేటాయింపు రూ.4,445 కోట్లు. అప్పటికే పనులు మొదలైన పార్కుగా వరంగల్‌కు చోటు దొరికింది. ఇలాంటి పార్కుకు మిగిలిన మౌలిక వసతుల ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా రూ.200 కోట్లు వస్తాయి. కొత్తగా కట్టే పార్కుకైతే ఆ పరిమితి రూ.500 కోట్లు.

[తెర మీద: రోడ్డు, సబ్‌స్టేషన్, నీళ్ల ట్యాంకు. ఆ తర్వాత శుద్ధి కేంద్రంలో బుడగలు లేస్తున్న తొట్టి.]

రోడ్డు వేశాక లారీ ఒక్కటి తిరిగినా, వంద తిరిగినా దానికి పట్టింపు లేదు. ఈ తొట్టి అలా కాదు. రంగుల అద్దకం చేసే యూనిట్ల మురుగునీరు ఇలాంటి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి చేరాలి. ఆ నీటిలోని మలినాలను తినేది సూక్ష్మజీవులు. రోజూ సరిపడా మురుగు రాకపోతే వాటికి తిండి ఉండదు, శుద్ధి కుంటుపడుతుంది. పైగా యాభై యూనిట్ల కోసం కట్టిన కేంద్రాన్ని రెండే యూనిట్లు వాడుకుంటే, నడిపే ఖర్చంతా ఆ రెండింటి నెత్తిన పడుతుంది. అలాగని శుద్ధి కేంద్రం సిద్ధంగా లేకపోతే అద్దకం యూనిట్ గేటు దాటి లోపలికే రాదు. ముందు ఏది, వెనక ఏది? నన్నడిగితే పార్కు నడిపే అధికారులకు అసలు తలనొప్పి ఇదే. నిధుల మంజూరు దీని ముందు తేలిక.

అందుకే మొదట ఒక పెద్ద సంస్థను పట్టుకుంటారు. దాన్ని చూసి మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది. గుండీలు, జిప్పులు, అట్టపెట్టెలు సరఫరా చేసేవాళ్లు దగ్గర్లో షెడ్డు వేసుకుంటారు. 2021లో కేరళకు చెందిన పిల్లల దుస్తుల తయారీ సంస్థ కైటెక్స్ అక్కడి తన పెట్టుబడి ప్రతిపాదన నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. వాళ్లను హైదరాబాద్ పిలిపించడానికి తెలంగాణ ప్రభుత్వం ఏకంగా ప్రత్యేక విమానం పంపింది. పెళ్లివారిని కూడా ఇంత మర్యాదగా పిలవరేమో! ఆ మర్యాద ఫలించింది: కైటెక్స్ వరంగల్‌ను ఎంచుకుంది. 2023 జూన్‌లో కొరియా సంస్థ యంగ్‌వన్ యూనిట్లకూ ఇక్కడే శంకుస్థాపన జరిగింది.

శంకుస్థాపన రాయి వేరు, కుట్టుమిషన్ చప్పుడు వేరు. ప్లాటు తీసుకుని, భూమి ధర పెరిగేదాకా ఊరుకునేవాళ్లు ఏ పార్కులోనైనా తగులుతారు. నిర్ణీత గడువులో కట్టకపోతే కేటాయింపు రద్దు చేసే షరతు ఉంటుంది, కానీ నోటీసులు, గడువు పొడిగింపులు, కోర్టులతో ఏళ్లు గడుస్తాయి.

[తెర మీద: ప్రహరీ, తుప్పు పట్టిన గేటు, లోపల మొలిచిన తుమ్మచెట్లు.]

పీఎం మిత్రలో నాకు నచ్చిన ఏర్పాటు ఇక్కడే ఉంది. రూ.200 కోట్లకు తోడు, త్వరగా ఉత్పత్తి మొదలుపెట్టే యూనిట్ల కోసం ఒక్కో పార్కుకు రూ.300 కోట్ల దాకా విడిగా పెట్టారు. యూనిట్‌కు దక్కేది అమ్మకాల విలువలో 3 శాతం వరకు. అమ్మితేనే లెక్క. ఈ తుమ్మచెట్ల యజమానికి అందులో పైసా రాదు.