యోసెఫ్ చేయి ఎంతవరకు అందుతుంది? మెషినేరియమ్ ఆట బాగోగులు

అందరికీ నమస్కారం.

మెషినేరియమ్ అనే కంప్యూటర్ ఆటను చెక్ దేశానికి చెందిన అమానిత డిజైన్ అనే చిన్న బృందం, యాకుబ్ ద్వోర్‌స్కీ సారథ్యంలో తయారుచేసి 2009 అక్టోబరులో విడుదల చేసింది. ఇందులో మన మనిషి యోసెఫ్, రేకుడబ్బాలాంటి ఒక రోబో. 'రోబో' అనే మాటను సూచించిన చెక్ చిత్రకారుడు యోసెఫ్ చాపెక్ పేరే వీడికి పెట్టారు. ఆట మొదలయ్యేసరికి తుక్కు కుప్ప మీద ముక్కలుముక్కలుగా పడి ఉంటాడు. ఊడిన భాగాలు వెతికి తగిలించుకోవడమే మొదటి పని.

తర్వాత ఊరి గేటు. కాపలావాడు ఊరికే పోనివ్వడు. రోడ్డు మీద పెట్టే కోన్‌ను నీలం రంగులో ముంచి, కొసన బల్బు పెట్టి తల మీద బోర్లిస్తే అది పోలీసు టోపీ అయిపోతుంది. ఇలాంటి కొంటె ఊహలే ఈ ఆటకు ప్రాణం. దొరికిన వస్తువును యోసెఫ్ నోట్లో వేసుకుని పొట్టలో దాచుకుంటాడు.

మొదట్లో ఆడే తీరు చెప్పే సూచనలు తప్పిస్తే ఆటలో మాటలే లేవు. ఎవరికేం కావాలో వాళ్ల తల మీది బుడగలో గీతల బొమ్మలు కదిలి చెబుతాయి. ఇంగ్లిష్ చదవడం రాని తెలుగు పిల్లలకూ కథ పూర్తిగా అందుతుంది. ఏమీ చేయకుండా కాసేపు వదిలేయండి, యోసెఫ్ పాత రోజులు తలుచుకుంటాడు. తొందరపడి క్లిక్ చేస్తూ పోయేవాళ్లకు ఈ జ్ఞాపకాలు కనబడవు. తొమాష్ ద్వోర్‌జాక్ సంగీతం కూడా అలా ఆగినప్పుడే చెవికి పడుతుంది.

ఇక అసలు విషయం. యోసెఫ్ చేతికి అందే వస్తువునే మనం ముట్టుకోగలం. వాణ్ణి మౌస్‌తో పట్టుకుని పైకి లాగితే పొడుగవుతాడు, కిందికి నొక్కితే పొట్టివాడవుతాడు. అందువల్ల తెరంతా గుడ్డిగా క్లిక్ చేసి గెలవడం కుదరదు. ఎక్కడ నిలబడాలి, ఎంత ఎత్తులో ఉండాలి అని ఆలోచించాలి. చాలామంది చిక్కుకుపోయేదీ ఇక్కడే. దూరంగా ఉన్నప్పుడు మౌస్ గుర్తు మారదు, దాంతో అక్కడేమీ లేదనుకుని వదిలేస్తారు. నిలబడిన ప్రతి చోటా మూడు ఎత్తుల్లోనూ మౌస్‌ను ఒకసారి చుట్టూ తిప్పండి. నడక నిదానం కాబట్టి ఇది విసుగే. అయినా ఈ నియమం ఉండాల్సిందే, ఎందుకంటే ఆ రేకు ఒంటిని మన ఒళ్లుగా అనిపింపజేసేది ఇదే.

నాకు గట్టి అభ్యంతరం వేరే చోట ఉంది. కొన్ని తలుపుల దగ్గర, యంత్రాల దగ్గర ఒక ప్యానెల్ తెరుచుకుని, ముక్కలు జరిపి సరైన చోట చేర్చమంటుంది. అక్కడ యోసెఫ్ పొడుగుకూ పొట్టికీ పనే లేదు. అదే చిక్కు ఏ పత్రిక చివరి పేజీలో వేసినా చెల్లుతుంది.

బారులో ఐదు పావులు వరుసగా పేర్చే పందెం కొంత నయం, ఎదుట ఒక మొండి రోబో కూర్చుని ఉంటాడు కనుక. మూడు కాయలు వరుసగా పేర్చే మన 'దాడి' ఆట తెలిసినవాళ్లకు కిటుకు ఇట్టే పడుతుంది. వాడు రెండు కొసలూ ఖాళీగా మూడు పేర్చగానే అడ్డం వేయాలి. నాలుగయ్యాక వేసినా లాభం లేదు, రెండో కొసన ఐదు పూర్తిచేస్తాడు. మనం గెలవాలంటే ఒక్క పావుతో రెండు వరుసలు ఒకేసారి బెదిరించేలా పెట్టాలి.

సాయం రెండు రకాలు. తెర మీది బల్బు గుర్తు నొక్కితే ఆ చోట ఏం సాధించాలో ఒక బొమ్మ చూపిస్తుంది. దారంతా గీసి చూపే పుస్తకానికి మాత్రం తాళం ఉంటుంది. తాళంచెవిని ఎగిరిస్తూ సాలీళ్లను కాల్చే చిన్న ఆట గెలిస్తేనే తెరుచుకుంటుంది. యోసెఫ్ కాళ్లూ చేతులూ పనికొచ్చే చోట ఆ పుస్తకం తెరవకండి. ప్యానెల్ల దగ్గర మాత్రం పావుగంట చూసి, మొహమాటం లేకుండా తెరిచేయండి.