పోర్టల్ తెరిచి ఉండే పదిహేను రోజులు

అందరికీ నమస్కారం.

2026 జనవరి 19న అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ ఫైనల్ ఆడిన రెండు జట్లనూ ఒకసారి చూడండి. ఇండియానా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడిని నడిపే ఆటగాడు) ఫెర్నాండో మెండోజా అంతకుముందు బర్క్‌లీకి ఆడినవాడు. మయామీ క్వార్టర్‌బ్యాక్ కార్సన్ బెక్ జార్జియా నుంచి వచ్చినవాడు. ఇండియానా 27–21తో గెలిచింది. సీజన్ మొత్తం మీద 16 మ్యాచ్‌లు, ఒక్క ఓటమి లేదు. ఇదే ఇండియానా 2023లో మూడు గెలిచి తొమ్మిది ఓడింది. ఆ తర్వాత కోచ్‌గా వచ్చిన కర్ట్ సిగ్నెటీ జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి 13 మంది పాత ఆటగాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. పాత నిబంధనలే ఉండి ఉంటే ఇలాంటి జట్టు రెండేళ్లలో తయారయ్యేదే కాదు.

ఒక కాలేజీ ఆటగాడికి ఇంకో కాలేజీ జట్టుకు మారే స్వేచ్ఛ ఉండాలా వద్దా అన్న వాదన నా దృష్టిలో ఎప్పుడో ముగిసింది. కోర్టులు ముగించాయి. ఇప్పుడు నడుస్తున్న గొడవంతా తేదీల మీద, కాంట్రాక్టుల మీద. ఈ రోజు ఆ రెండింటి గురించే ఎక్కువ మాట్లాడతాను.

పాత పద్ధతి సంగతి క్లుప్తంగా చెబుతాను. 2018 వరకు ఆటగాడు వేరే కాలేజీతో మాట్లాడాలంటే ఉన్న కాలేజీ అనుమతి కావాలి. ఫలానా జట్లకు వెళ్లకూడదని కోచ్ జాబితా ఇవ్వొచ్చు. అనుమతి లేకుండా వెళితే కొత్త చోట మొదటి ఏడాది స్కాలర్‌షిప్ దక్కదు. దానికి తోడు ఒక సీజన్ మొత్తం బెంచీ మీదే కూర్చోవాలి. కోచ్ మాత్రం కాంట్రాక్టు మధ్యలో రేపే ఇంకో యూనివర్సిటీకి వెళ్లిపోవచ్చు. ఈ అన్యాయం అందరికీ కనిపిస్తూనే ఉండేది.

2018 అక్టోబరు 15న ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మొదలైంది, అంటే జట్టు మారాలనుకునే ఆటగాళ్ల పేర్లు ఎక్కించే ఆన్‌లైన్ జాబితా. అనుమతి అడగడం పోయి, తెలియజేస్తే చాలన్న స్థితి వచ్చింది. 2021 ఏప్రిల్‌లో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒకసారి మారితే కూర్చోనక్కర్లేదంది. అదే ఏడాది జులై 1 నుంచి ఆటగాడు తన పేరు, బొమ్మ వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చన్నారు. ఈ రెండూ కొద్ది నెలల తేడాలో రావడమే అసలు మలుపు. ఇక 2023 డిసెంబరులో వెస్ట్ వర్జీనియాలోని ఫెడరల్ జడ్జి రెండోసారి మారినవాళ్లను కూర్చోబెట్టే నిబంధనను ఆపేశారు. 2024 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ చేతులెత్తేసింది: చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లయినా మారొచ్చు, వెంటనే ఆడొచ్చు.

మనిషిని ఆపలేనప్పుడు మిగిలేది క్యాలెండరే. 2022లో పోర్టల్ విండోలు, అంటే పేరివ్వడానికి ఇచ్చే గడువులు, పెట్టినప్పుడు శీతాకాలంలో 45, వసంతంలో 15, మొత్తం 60 రోజులు. మరుసటి ఏడాది శీతాకాలపు విండో 30 రోజులకు తగ్గింది. 2024–25లో డిసెంబరులో 20, ఏప్రిల్‌లో 10. 2026 వచ్చేసరికి ఒకే ఒక్క విండో: జనవరి 2 నుంచి 16 వరకు. ఫైనల్ ఆడిన రెండు జట్లకు మాత్రం జనవరి 20 నుంచి 24 వరకు విడిగా ఇచ్చారు.

డిసెంబరు విండో ఎందుకు పోయిందో చూడాలంటే 2024 చాలు. మార్షల్ యూనివర్సిటీ తాను ఆడే సన్ బెల్ట్ లీగ్‌లో ఛాంపియన్‌గా నిలిచింది. వెంటనే కోచ్ వేరే చోటికి వెళ్లాడు, ఆటగాళ్లు వరసగా పోర్టల్‌లోకి వెళ్లారు. సీజన్ చివర్లో జరిగే ఇండిపెండెన్స్ బౌల్ మ్యాచ్ ఆడటానికి మనుషులు చాలక మార్షల్ తప్పుకుంది. అదే నెలలో పెన్ స్టేట్ రెండో క్వార్టర్‌బ్యాక్ బో ప్రిబ్యులా జట్టు ప్లేఆఫ్ (జాతీయ టైటిల్ కోసం నాకౌట్ మ్యాచ్‌లు) ఆడబోతుండగానే బయటికి వెళ్లాల్సి వచ్చింది. ఆగితే వేరే జట్లలో క్వార్టర్‌బ్యాక్ ఖాళీలు నిండిపోతాయి. సీజన్ నడుస్తుండగానే విండో తెరిస్తే ఇలా కాక ఇంకెలా అవుతుంది?

ఏప్రిల్ విండోది వేరే రోగం. వసంతంలో జట్టుకు 15 ప్రాక్టీసులుంటాయి. అవి ముగిశాక ఆటగాడు వెళ్లిపోతే కోచ్‌కు మళ్లీ మనిషిని వెతికే సమయం ఉండదు. 2025 ఏప్రిల్‌లో టెనెసీ క్వార్టర్‌బ్యాక్ నీకో ఇయామలేవా డబ్బు చర్చల మధ్యలో జట్టు వదిలి యూసీఎల్‌ఏకు చేరడం అందరూ చూశారు. ఏప్రిల్ విండో ఎత్తేయడం నాకు సబబుగానే అనిపిస్తుంది. ఒక నష్టం మాత్రం ఉంది. వసంత ప్రాక్టీసుల్లో నీకు చోటు లేదని తేలినవాడికి ఇప్పుడు దారి మూసుకుపోయింది. కోచ్ మారిన జట్లకు మాత్రం మినహాయింపు ఉంది. కొత్త కోచ్ ఖరారైన ఐదు రోజుల తర్వాత 15 రోజుల విండో తెరుస్తారు.

ఇక ఆ పదిహేను రోజుల్లో ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఆటగాడు తన కాలేజీలోని కంప్లయన్స్ ఆఫీసుకు (నిబంధనల అమలు చూసే విభాగానికి) రాతపూర్వకంగా తెలియజేయాలి, ఆన్‌లైన్‌లో ఒక చిన్న పాఠం పూర్తి చేయాలి. ఆ తర్వాత రెండు పని దినాల్లోపు కాలేజీ అతని పేరు పోర్టల్‌లో ఎక్కించాలి. పేరు ఎక్కాకే వేరే కోచ్‌లు అధికారికంగా మాట్లాడాలి. ఎక్కడికి వెళ్లాలో ముందే తెలిసినవాడు తనను సంప్రదించవద్దని గుర్తు పెట్టించుకోవచ్చు. చాలామంది పొరబడేది ఇక్కడ: విండో పేరు ఎక్కించడానికే, కొత్త కాలేజీని ఎంచుకోవడానికి కాదు. 16వ తేదీలోపు పేరిచ్చి, తర్వాత తీరిగ్గా ఎంచుకోవచ్చు. అయితే తీరిక మాటే గానీ సెమిస్టర్ ఆగదు. చాలా యూనివర్సిటీల్లో జనవరి రెండో వారంలోనే క్లాసులు మొదలవుతాయి, కోర్సుల్లో చేరే గడువు ఆ వెంటనే ముగుస్తుంది. అది దాటితే వసంత ప్రాక్టీసులు పోయినట్టే.

వెనక్కి వచ్చేయొచ్చులే అనుకోవడం ఇంకో పొరపాటు. పోర్టల్ నుంచి పేరు తీసేయొచ్చు, కానీ పాత కాలేజీ తిరిగి తీసుకోవాలన్న నిబంధన లేదు. పేరిచ్చిన వాడి స్కాలర్‌షిప్‌ను ఆ టర్మ్ ముగిశాక రద్దు చేసే హక్కు కూడా దానికి ఉంది. ఏటా వేల పేర్లు ఎక్కుతాయి. అందరికీ చోటు దొరకదు.

చదువు లెక్క ఎవరూ చెప్పని చోట దెబ్బకొడుతుంది. ఎన్‌సీఏఏ మూల నియమం ప్రకారం రెండేళ్లయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, మూడేళ్లకు 60, నాలుగేళ్లకు 80 శాతం పూర్తవ్వాలి. డిగ్రీకి 120 క్రెడిట్లు అనుకుంటే మూడేళ్లకు 72. ఒకడి దగ్గర 75 ఉన్నాయి, నిశ్చింతగా ఉన్నాడు. కొత్త యూనివర్సిటీ అతని మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) వాటిలో 60 మాత్రమే పనికొస్తాయంది. ఒక్క సంతకంతో 12 క్రెడిట్లు లోటు. ఈ లోటు వసంతంలో, వేసవిలో పూడ్చుకోవాలి, లేకపోతే ఆగస్టులో డ్రెస్సు వేసుకోలేడు. అందుకే కోచ్ మాట ఇచ్చిన రోజే క్రెడిట్ల మదింపు కాగితం మీద అడగాలి. రెండుసార్లు, మూడుసార్లు మారినవాళ్లకు ఆట ఆగకపోయినా డిగ్రీ ఆగిపోయే ప్రమాదం ఇక్కడుంది.

ఇప్పుడు కాంట్రాక్టులు. 2025 జూన్ 6న, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో కుదిరిన రాజీ ఒప్పందాన్ని జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించారు. జులై 1 నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి అన్ని ఆటలకూ కలిపి సుమారు 2.05 కోట్ల డాలర్లు పరిమితి. బయటి కంపెనీలతో చేసుకున్న ఒప్పందం 600 డాలర్లు దాటితే, ఈ నిబంధనలను అమలు చేసే కాలేజ్ స్పోర్ట్స్ కమిషన్ పరిశీలనకు పంపాలి. ఐపీఎల్‌లో ఫ్రాంచైజీ వదిలితేనో, ట్రేడ్ చేస్తేనో ఆటగాడు కదులుతాడు. ఇక్కడ ఆటగాడు ఉద్యోగి కాదు, యూనియన్ లేదు, విద్యార్థిగా ఎప్పుడైనా టీసీ తీసుకుని వెళ్లొచ్చు. దాంతో కాలేజీలు మధ్యలో వెళితే ఇంత కట్టాలన్న షరతు రాసుకుంటున్నాయి.

డేమన్ విల్సన్ వ్యవహారం చూడండి. జార్జియాలో అతని ఒప్పందం 14 నెలలకు 5 లక్షల డాలర్లు: నెలకు 30,000, పైన రెండు 40,000 బోనస్‌లు. మొదటి నెల డబ్బు అందాక మిస్సోరీకి మారాడు. జార్జియా అడుగుతున్న పరిహారం 3,90,000 డాలర్లు, అంటే మిగిలిన 13 నెలల వాయిదాలు. అతనూ తిరిగి కేసు వేశాడు. విస్కాన్సిన్, మయామీల గొడవ ఇంకో రకం. జేవియర్ లూకస్ పేరు పోర్టల్‌లో ఎక్కకుండానే విస్కాన్సిన్ వదిలి మయామీలో విద్యార్థిగా చేరిపోయాడు. 2025 జూన్‌లో విస్కాన్సిన్ మయామీ మీద కేసు వేసింది. పోర్టల్ పాలనాపరమైన ఏర్పాటే తప్ప తాళం కాదని అప్పుడు తేలింది.

సంతకం పెట్టేవాళ్లు చూడాల్సిన పంక్తులు మూడే: ఎవరు కడతారు, వెళితే ఎంత తిరిగివ్వాలి, గాయమైతే డబ్బు ఆగుతుందా. ఏజెంటు కమిషన్ నాలుగోది. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏజెంటుకు 3 శాతమే పైహద్దు. కాలేజీలో అలాంటి జాతీయ హద్దు లేదు.

వీటన్నిటికీ మూల్యం చెల్లిస్తున్నది హైస్కూలు పిల్లాడు. అదే హౌస్ ఒప్పందంతో జట్టుకు 105 మందే అన్న పరిమితి వచ్చింది. 22 ఏళ్లవాడు, ఇప్పటికే రెండు సీజన్లు ఆడినవాడు పోర్టల్‌లో దొరుకుతుంటే, మూడేళ్లు తీర్చిదిద్దాల్సిన 18 ఏళ్లవాణ్ని తీసుకోవడానికి కోచ్ ఆలోచిస్తాడు. మూడేళ్లు తీర్చిదిద్దినా వాడు ఉంటాడన్న నమ్మకం లేదు కదా. చిన్న కాలేజీలకు ఇదే బాధ: దొరికిన మంచి ఆటగాణ్ని తయారు చేసి పెద్ద జట్టుకు అప్పగించాల్సి వస్తోంది.

చివరగా మనవాళ్లకు వెంటనే అర్థమయ్యే ఒక సంగతి. కాలేజీ జట్లలో పంట్ కొట్టే (బంతిని చేత్తో వదిలి దూరంగా తన్నే) ఆస్ట్రేలియా కుర్రాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లే. పోర్టల్‌లో పేరు ఎక్కినంత మాత్రాన వాళ్ల సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) కదలదు. పాత యూనివర్సిటీలో ఆ రికార్డులు చూసే అధికారి, అంటే డీఎస్‌ఓ, రిలీజ్ తేదీ పెట్టాలి, ఆ తేదీ తర్వాతే కొత్త కాలేజీ చేతికి రికార్డు వెళ్తుంది. పక్క అపార్ట్‌మెంట్లోని మన ఎంఎస్ విద్యార్థి పడే తిప్పలే ఇవి. పైగా అమెరికా గడ్డ మీద ప్రకటనలో నటించి డబ్బు తీసుకుంటే అది అనుమతి లేని పని కిందికి రావొచ్చు. కాబట్టి వాళ్లు కంప్లయన్స్ ఆఫీసుకు ఉత్తరం రాసిన రోజే అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకూ వెళ్లాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.