కోచ్ మాటలు కాస్త తగ్గించి, ఆట వెనకున్న చెమటను రాయండి

నమస్కారం. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో హల్ అనే రేవు పట్టణం ఉంది. ఊరిని రెండుగా చీలుస్తూ హల్ నది పారుతుంది. పడమటి వైపు హల్ ఎఫ్‌సీ అభిమానులు, తూర్పు వైపు హల్ కింగ్‌స్టన్ రోవర్స్ అభిమానులు. ఇవి రెండూ రగ్బీ లీగ్ జట్లు; బంతిని చేత్తో పట్టుకుని ఎదుటి జట్టును ఛేదిస్తూ పరుగెత్తే ఆట అది. 1980లో ఈ రెండు జట్లే లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఛాలెంజ్ కప్ అనే పోటీ ఫైనల్ ఆడాయి. ఆ రోజు ఊరి పొలిమేర రోడ్డు మీద ఎవరో బోర్డు పెట్టారు: చివరగా వెళ్లేవారు లైట్లు ఆర్పేయండి!

ఆట మీద ఇంత ప్రాణం పెట్టే ఊళ్లలో స్థానిక పత్రిక క్రీడా పేజీ ఎలా ఉండాలి? నేను ఏ ఒక్క పత్రికనూ వేలెత్తి చూపడం లేదు. కానీ ఏళ్ల తరబడి చదువుతున్నాను కాబట్టి చెబుతున్నాను. మ్యాచ్ మరునాడు స్కోరు కథ. ఆ తర్వాత గాయాల జాబితా. ఆపై కోచ్ విలేఖరుల సమావేశం, దానిలోంచే మూడు వార్తలు. ఇక ఎవరు ఏ క్లబ్బుకు మారతారన్న ఊహాగానాలు. పేర్లు మారతాయి, వాక్యాలు మారవు.

విలేఖరులను తప్పుపట్టలేం. పత్రికల్లో సిబ్బంది తగ్గిపోయారు. క్లబ్బు పిలిచి కుర్చీ వేసి చెప్పిన మాట రాసుకోవడం తేలిక. అయినా ఆ పేజీ ఊరిది కదా, క్లబ్బుది కాదు కదా!

నేను అడిగేది ఒక్కటే. ఒక మ్యాచ్‌లో ఎనభై నిమిషాలూ ఒకే ఒక్క ఫార్వర్డ్‌ను, అంటే ముందు వరుసల్లో బలంతో ఆడేవాణ్ణి, చూసి రాయండి. బంతి పట్టుకుని అతను సూటిగా దూసుకెళ్తాడు, ముగ్గురు మీదపడి కూలుస్తారు. లేస్తాడు. బంతిని నేల మీద పెట్టి పాదంతో వెనక్కి దొర్లిస్తాడు. ఇలా జట్టు ఆరోసారి పట్టుబడితే బంతి ఎదుటివాళ్లది. అప్పుడు ఇతనే పది మీటర్లు వెనక్కి పరుగెత్తి, మళ్లీ ముందుకొచ్చి ఇంకొకరిని ఆపాలి. ఇలా పట్టి ఆపడమే ట్యాకిల్; ఒక్క మ్యాచ్‌లో నలభై ట్యాకిళ్లు చేయడం మామూలే. మరునాడు పత్రికలో అతని పేరు ఉండదు, ట్రై చేసినవాడి (బంతిని ఎదుటివాళ్ల గీత దాటించి నేలకు తాకించి పాయింట్లు తెచ్చినవాడి) పేరే ఉంటుంది.

అసలు ఈ ఆట పుట్టిందే పని గురించి, కూలి గురించి. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లు శనివారం మ్యాచ్‌కు వస్తే ఆ పూట జీతం పోయేది. ఆ నష్టం క్లబ్బులు చెల్లించకూడదని అప్పటి రగ్బీ సంఘం పట్టుబట్టింది. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై ఆ సంఘం నుంచి వేరుపడ్డాయి; రగ్బీ లీగ్‌కు అదే మొదలు. ఈనాటికీ కింది శ్రేణుల్లో పగలు ఉద్యోగం చేసి సాయంత్రం సాధనకు వచ్చేవాళ్లు ఎందరో. వాళ్లలో ఒకరి సోమవారం ఉదయం ఎలా గడుస్తుందో, వాచిన మోకాలితో పనిలోకి ఎలా వెళ్తాడో చదవాలని నాకుంది.

హల్‌లోనైతే తవ్వినకొద్దీ కథలే. బడి పంతులు జాక్ హారిసన్ 1913-14 సీజన్‌లో హల్ ఎఫ్‌సీ తరఫున 52 ట్రైలు చేశాడు. 1917 మే 3న ఫ్రాన్స్‌లోని ఓపీ దగ్గర యుద్ధంలో చనిపోయాడు, మరణానంతరం బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. క్లైవ్ సల్లివన్ రెండు క్లబ్బులకూ ఆడాడు. నల్లజాతి కెప్టెన్‌గా 1972లో గ్రేట్ బ్రిటన్‌కు ప్రపంచకప్ గెలిపించాడు. ఊళ్లోకి వచ్చే పెద్ద రోడ్డుకు ఆయన పేరే పెట్టారు.

చక్రాల కుర్చీ రగ్బీ లీగ్ మరో లోకం. అందులో ఆడా మగా కలిసే ఆడతారు, భుజం మీది పట్టీ లాగేస్తే అదే ట్యాకిల్. 2022లో ఇంగ్లండ్ ఫ్రాన్స్‌ను 28-24తో ఓడించి ప్రపంచకప్ గెలిచింది. ఆ ఆటకు పత్రికలో వారం వారం చోటెందుకు ఉండకూడదు?

గుడ్ ఫ్రైడే నాడు హల్‌లో రెండు జట్ల మధ్య పోటీ జరగడం ఆనవాయితీ. ఆ ఉదయం పత్రికలో కోచ్ ఫోటో కాకుండా, నదికి ఆ ఒడ్డున ఒకరు, ఈ ఒడ్డున ఒకరు పుట్టి పెళ్లి చేసుకున్న ఒక జంట ఇంటి గోడ మీద ఏ జట్టు కండువా వేలాడుతోందో నాకు చెప్పండి.