పిండి బాగానే రుబ్బుతుంది, మరి మార్క్ ఏదీ?

అందరికీ నమస్కారం. వెనకున్నోళ్ళకి వినిపిస్తోందా? సరే. కరెంటు మెషీన్ల మీద ఉండాల్సిన సేఫ్టీ మార్కుల గురించి చెప్పమన్నారు, స్లైడ్స్ తెమ్మన్నారు, తేలేదు, నా గ్రైండర్ గోల చెప్తా, చాలు.

కొన్నేళ్ళ కింద ఇక్కడే టెక్సస్‌లో మా బావమరిదీ నేనూ టిఫిన్ సెంటర్ పెట్టాం. దోశపిండికి ఇండియా నుంచి పెద్ద టిల్టింగ్ గ్రైండర్ తెప్పించాం, అక్కడి రేటు చూసి మురిసిపోయాం లెండి. సిటీ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, వంగి మోటార్ పక్కన ప్లేట్ మీద టార్చ్ వేశాడు, మార్క్ ఏదీ అన్నాడు. నేను దర్జాగా సీఈ స్టిక్కర్ చూపించా. ఇది యూరప్‌ది కదా అన్నాడు, అంతే, కనెక్షన్ ఇవ్వొద్దని రాసి వెళ్ళిపోయాడు.

అప్పుడు కూర్చుని చదివా. సీఈ అనేది చాలా సరుకులకి తయారుచేసినోడే టెస్ట్ చేసుకుని తనే వేసుకుంటాడు. ఇక్కడ ఆ లెక్క నడవదు. ఓషా అంటే పనిచేసే చోట పనోళ్ళ భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ, దాని రూల్ 1910.303 ఏమంటుందంటే, పని జరిగే చోట కరెంటు సామాను అప్రూవ్డ్ అయ్యుండాలి, అంటే మామూలుగా ఓషా గుర్తించిన బయటి ల్యాబ్ ఏదన్నా దాన్ని టెస్ట్ చేసి మార్క్ వేసుండాలి. ఆ ల్యాబుల్నే ఎన్ఆర్‌టీఎల్ అంటారు, ఈ పద్ధతి 1988 నుంచి ఉంది. ఓషా సొంతంగా ఏ వస్తువునీ టెస్ట్ చెయ్యదు, "ఓషా అప్రూవ్డ్" అని రాసి ఎవడన్నా అమ్మితే అక్కడే అనుమానపడండి.

ఆ ల్యాబుల్లో యూఎల్ 1894 నుంచి ఉంది కాబట్టి అందరికీ దాని మార్కే తెలుసు. ఈటీఎల్ అనేది ఇంకో ల్యాబ్ వేసే మార్క్. ఈటీఎల్ ఉంది యూఎల్ లేదు, డూప్లికేటా అన్నా అని ఫోన్లు చేస్తారు. కాదమ్మా, రెండూ చెల్లుతాయి. మోసపోయేది వేరే చోట. ఈటీఎల్ శానిటేషన్ అని ఒక మార్క్ ఉంటుంది, అది శుభ్రత గురించి, అంటే గిన్నె కడగడానికి వీలుగా ఉందా లేదా అని, కరెంటుకి దానికీ సంబంధం లేదు, మన కిచెన్ సామాన్ల మీద ఇదే ఎక్కువ కనిపిస్తుంది. ఆర్, యూ కలిపి ఆర్‌ని తిరగేసి వేసినట్టుంటే అది లోపలి పార్టుకి ఇచ్చింది, మొత్తం మెషీన్‌కి కాదు. సీఎస్ఏ అని కెనడా ల్యాబ్ మార్క్ ఒకటుంది, దాని పక్కన యూఎస్ అని లేకపోతే అది కెనడాకే. నకిలీ స్టిక్కర్లూ ఉన్నాయి, యూఎల్, ఈటీఎల్ రెండిటికీ ఆన్‌లైన్‌లో డైరెక్టరీలున్నాయి, డబ్బు కట్టకముందే మోడల్ నంబర్ కొట్టి చూస్కోండి.

మార్క్ ఉంటే అయిపోలేదు. దాంతో వచ్చిన కాగితంలో ఎలా వాడమన్నారో అలాగే వాడాలి, ఇదీ రూలే. "హౌస్‌హోల్డ్ యూజ్ ఓన్లీ" అని ఉన్న మిక్సీలో రోజూ హోటల్ చట్నీ తిప్పితే మార్క్ ఉన్నా లేనట్టే. ఒక పవర్ స్ట్రిప్‌లో ఇంకో పవర్ స్ట్రిప్ గుచ్చడం కూడా ఇందులోకే వస్తుంది, నవ్వకండి, బిల్లింగ్ కౌంటర్ కింద మనందరికీ ఉన్నదే.

ఇంకోటి, మనూరి మోటార్లు 50 హెర్ట్జ్ కరెంటుకి చేసినవి, అంటే సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారే కరెంటు, ఇక్కడ 60. వోల్టేజ్ సరిపెట్టినా మామూలు ఇండక్షన్ మోటార్ ఇరవై శాతం దాకా ఎక్కువ స్పీడు తిరుగుతుంది. రాయి స్పీడు పెరిగితే పిండి వేడెక్కుతుంది, వేడెక్కిన పిండితో ఇడ్లీ ఎలా వస్తుందో వదినలకి నేను చెప్పాలా.

మరి ఆల్రెడీ కొనేస్తే? ఫీల్డ్ ఇవాల్యుయేషన్ అని ఉంది, ల్యాబ్ వాళ్ళు మన షాపుకే వచ్చి ఆ ఒక్క మెషీన్‌ని చూసి లేబుల్ వేస్తారు, చాలా సిటీల్లో ఇన్‌స్పెక్టర్లు ఒప్పుకుంటారు, ముందే మీ సిటీలో అడగండి. మాకైతే ఆ ఖర్చు గ్రైండర్ రేటు దాటేట్టుంది, మానుకున్నాం. అమ్మినోడికి ఫోన్ చేస్తే ఇక్కడ అందరూ వాడుతున్నారు సార్ అన్నాడు. వాడికేం, ఓషా ఫైన్ వేసేది పనోళ్ళని పెట్టుకున్న ఓనర్‌కి. ఆ గ్రైండర్ ఇప్పుడు మా గ్యారేజ్‌లో ఉంది, దాని మీద బతుకమ్మ సామాన్ల డబ్బా పెట్టాం.

మీ మెషీన్ ప్లేట్ ఫోటో ఫోన్లో ఉంటే పట్రండి, భోజనాల లైన్ మొదలయ్యేలోపు చూసేద్దాం.