మొదటి కెమెరా పాతదే కొనండి

(నెల్లూరులో ఫొటోగ్రఫీ నేర్చుకోవడానికి వచ్చిన కాలేజీ పిల్లలతో మొదటిరోజు మాట్లాడిన మాటలు)

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, మీకూ.

ఇందాక మెట్లెక్కుతుంటే ఒకబ్బాయి ఆపాడు. "సార్, ముప్పై వేలు కూడబెట్టాను, ఏ కెమెరా కొనమంటారు?" అన్నాడు. ఏం తీద్దామని నాయనా అంటే, "అన్నీ తీస్తా సార్" అన్నాడు. నేను నవ్వలేదు. ఒకప్పుడు నేనూ ఆ మాటే అన్నవాణ్ణి.

నా సలహా ముందే చెప్పేస్తా. మొదటి డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్సు మార్చుకోగలిగే డిజిటల్ కెమెరా) చేతులు మారిందే కొనండి. మిగిలిన డబ్బు లెన్సు మీద పెట్టండి. 2020 దాటాక కెనాన్ గానీ నైకాన్ గానీ కొత్త డీఎస్ఎల్ఆర్ ఒక్కటీ దించలేదు. రెండూ ఆ అద్దం లేని మిర్రర్‌లెస్ దారి పట్టాయి, పెళ్లిళ్లు తీసే మావాళ్లూ వాటి వెనకే పోతున్నారు. వాళ్లు వదిలించుకునే సరుకు మీకు పండగే. కాలం చెల్లిన వస్తువు మాకెందుకని మూతి ముడవకండి. 24 మెగాపిక్సెల్ అంటే 2 కోట్ల 40 లక్షల చుక్కలు. 12×8 అంగుళాల ఫొటో అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చేయాలంటే 86 లక్షలు చాలు. ఇంకెన్ని కోట్లు కావాలి?

కాకపోతే ఏ బాడీకి (అంటే లెన్సు విప్పేసిన కెమెరాకి) ఏ లెన్సు పనిచేస్తుందో చూసుకోవాలి. 2007లో ఫిల్మ్ వదిలి డిజిటల్లోకి వచ్చినప్పుడు నేను నైకాన్ డీ40 కొన్నా. ఇంట్లో ఫిల్మ్ రోజుల 50 ఎంఎం లెన్సు ఉండనే ఉంది, ఒక ఖర్చు తప్పిందనుకున్నా. తగిలిస్తే చక్కగా కూర్చుంది. ఫోకస్ మాత్రం కదిలితే ఒట్టు! రాత్రంతా స్విచ్చులు తిప్పి, పొద్దున్నే పినాకిని ఎక్కి చెన్నైలో కొన్న దుకాణానికే పోయా. ఆయన లెన్సు విప్పి, తగిలించే ఇనప రింగు అంచు మీద వేలు పెట్టి చూపించాడు. పాత లెన్సుల్ని తిప్పగలిగే బాడీకి అక్కడ స్క్రూడ్రైవర్ మొనలాంటి బుల్లిముక్క ఉంటుంది. నా దాంట్లో ఆ చోటు నున్నగా ఉంది. అసలు ఫోకస్ తిప్పే మోటారే లేదు! తప్పు నాదే, అడక్కుండా కొన్నా. డీ3500, డీ5600లకీ ఆ మోటారు లేదు, డీ7200కి ఉంది. లేనివాటికి, సొంత మోటారుండే, ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పీ అనో రాసున్న లెన్సులే వెతుక్కోండి. కెనాన్ ఈఓఎస్ వాళ్లకి ఈ తంటా లేదు, ఆటోఫోకస్ లెన్సుల్లోనే మోటారు పెడతారు.

ఇక "అన్నీ తీస్తా" అన్న అబ్బాయి సంగతి. కెమెరాతో వచ్చే 18-55 లెన్సుని తీసిపారేయొద్దు. ఆ అంకెలు ఎంఎంలు, చిన్నదైతే ఎక్కువ మేర పడుతుంది, పెరిగేకొద్దీ దూరానిది దగ్గరవుతుంది. రొట్టెల పండగనాడు స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్లలో నిలబడితే, రొట్టె ఇచ్చే చెయ్యీ పుచ్చుకునే చెయ్యీ అడుగు దూరంలోనే ఉంటాయి. అక్కడ 18 చాలు, జూమ్‌తో పనిలేదు. అదే నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల్ని (పెలికాన్లని) తీయాలంటే 55-250 కావాలి. కెనాన్ చిన్న సెన్సరు (ఫిల్మ్ బదులు వెలుతురు పట్టే పలక) మీద 250 అంటే, ఫిల్మంత పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్‌లో 400 చూపించినంత దగ్గరగా చూపిస్తుంది. (నేలపట్టు 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది. నా నోటికి మాత్రం ఇంకా నెల్లూరు నేలపట్టే.) చెట్ల మీద గూళ్లు బాగానే దొరుకుతాయి గానీ పులికాట్ ఫ్లెమింగోల మీద ఆశ పెట్టుకోకండి. అవి నీళ్లలో ఎక్కడో దూరంగా మేస్తుంటాయి, 250తో తీస్తే గులాబిరంగు గీత గీసినట్టు వస్తుంది.

ఇంట్లో అమ్మని, దీపం దగ్గర అవ్వని తీయాలంటే 50 ఎంఎం ఎఫ్ 1.8 కొనండి. ఎఫ్ పక్కన అంకె ఎంత తగ్గితే లెన్సు కన్ను అంత పెద్దగా తెరుచుకుంటుంది. 18-55ని 55 దగ్గర పెడితే ఎఫ్ 5.6కి మించి తెరుచుకోదు. ఈ 50 దానికి తొమ్మిదిన్నర రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. అది సెకనులో పదో వంతు తెరుచుకుని అవ్వని అలికేసిన చోట, ఇది ఇంచుమించు నూరో వంతులో పని ముగిస్తుంది.

పాతది కొనేటప్పుడు అమ్మేవాడు ఎంత మంచోడైనా మొహమాటపడొద్దు. లెన్సు విప్పి, వెనకనుంచి ఫోను టార్చి వేసి, ముందు గాజులోంచి ఏటవాలుగా చూడండి. నాలుగు దుమ్ము రేణువులుంటే పట్టించుకోకండి. సాలెపోగుల్లాగా, సన్నటి వేళ్లలాగా ఏదైనా పాకి ఉంటే మాత్రం అది ఫంగస్, మన బూజే. డబ్బులు జేబులోనే ఉంచుకుని లేచి వచ్చేయండి. మనది సముద్రపు గాలి తగిలే ఊరు, వానాకాలంలో తోలుబ్యాగులో పెట్టి మరిచిపోతే గాజుకి బూజు పట్టడం ఎంతసేపు! నా లెన్సులు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంటాయి. అటుకుల డబ్బా పోయిందని మా ఇంటావిడ ఇప్పటికీ సాధిస్తుంది.

తర్వాత ఎఫ్ 16 పెట్టి, ఫోకస్ చెదరగొట్టి, తెల్లగోడని రెండుసార్లు తీయండి. రెండిట్లోనూ ఒకేచోట మచ్చలు పడితే సెన్సరు మీద దుమ్ముంది. తుడిపిస్తే పోతుంది, ఈలోగా ధర తగ్గించమనడానికి పనికొస్తుంది. షట్టర్ (ఫొటోకొకసారి తెరుచుకుని మూసుకునే తెర) ఎన్నిసార్లు కొట్టిందో నైకాన్ ఫొటో ఫైల్లోనే రాసిపెడుతుంది, కెనాన్ చిన్న మోడళ్లు మామూలుగా రాయవు. డీ3500 షట్టర్ని కంపెనీ లక్ష సార్లు కొట్టించి పరీక్షించింది. మేం ఒక్కో పెళ్లికి నాలుగువేలు నొక్కుతాం. అంటే పాతిక పెళ్లిళ్లు. అందుకే పెళ్లిళ్ల కెమెరా కన్నా, మోజు తీరి బీరువాలో పెట్టేసినవాడి కెమెరా వెతకండి. బూజు సంగతి మాత్రం అక్కడే ఎక్కువ, టార్చి మరవకండి.

ఈ బల్ల మీద మూడు లెన్సులు పెట్టాను. ఒకదాంట్లో బూజుంది. ఏదో నేను చెప్పను. ఒక్కొక్కరే రండి, ఫోన్లు తీసుకుని.