భర్త పేరు గడిలో ఏం రాయాలి?

హోస్ట్: అందరికీ నమస్తే. ఈ వారం గర్భనిరోధకం, అబార్షన్ గురించి మాట్లాడటానికి మనతో ఒక గైనకాలజిస్ట్ ఉన్నారు. కొండాపూర్‌లో ప్రాక్టీసు. పేరు చెప్పొద్దన్నారు, పేషెంట్లంతా ఎవరికి వారు ‘ఇది నా సంగతే’ అనుకుంటారని. డాక్టర్ గారూ, మీ దగ్గరికొచ్చేది ఎక్కువగా మా బ్యాచే కదా? పీజీలు, ఐటీ ఉద్యోగాలు...

డాక్టర్: వాళ్లే ఎక్కువ బాబూ. సగం టెన్షన్ రిసెప్షన్ దగ్గరే మొదలవుతుంది. మా ఓపీ ఫారంలో భర్త పేరుకి ఒక గడి ఉండేది. ఒకమ్మాయి అక్కడికొచ్చి పెన్ను ఆపేసిందట. ఆలోచించి ఏదో పేరు రాసింది. లోపలికొచ్చాక చూస్తే మెడలో పసుపుతాడు, పచ్చగా మెరిసిపోతోంది. ‘ఎప్పుడమ్మా?’ అన్నాను. ‘నిన్న సాయంత్రం మేడమ్, కూకట్‌పల్లిలో’ అంది. పెళ్లి గురించి కాదు, తాడు కొన్న సంగతి చెప్తోంది!

హోస్ట్: (నవ్వు) అయ్యో...

డాక్టర్: నువ్వు నవ్వుతున్నావు గానీ, నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల మీద కాదు, మా ఫారం మీద. ఆ గడి తీయించేశాను.

హోస్ట్: అసలు పెళ్లి కాకపోతే డాక్టర్లు అబార్షన్ చేయరనే చాలామంది అనుకుంటున్నారు.

డాక్టర్: అదే చిక్కు. గర్భనిరోధకం ఫెయిలైతే అనే చోట పాత చట్టంలో ‘పెళ్లయిన స్త్రీ, ఆమె భర్త’ అని ఉండేది. 2021లో దాన్ని ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అని మార్చారు. 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య కొన్ని పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. ఆ వెసులుబాటు పెళ్లికాని వాళ్లకూ ఉందని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. 18 నిండితే తన సంతకం చాలు. నాన్న సంతకం అక్కర్లేదు, బాయ్‌ఫ్రెండ్‌ది అంతకన్నా అక్కర్లేదు. చట్టం అనుమతించిన వాళ్లకి తప్ప ఆమె వివరాలు ఎవరికైనా చెప్తే శిక్ష మాకు.

హోస్ట్: మరి మెడికల్ షాపులో దొరికే మాత్ర, కలిశాక గర్భం రాకుండా 72 గంటల్లోపు వేసుకునేది?

డాక్టర్: ఆ 72 గంటలనే అసైన్‌మెంట్ డెడ్‌లైన్ అనుకుంటున్నారు మీరు. శనివారం రాత్రి జరిగితే మంగళవారం సాయంత్రం వస్తారు. ‘నిన్నే ఎందుకు రాలేదమ్మా?’ అంటే, ‘క్లయింట్ డెమో ఉంది మేడమ్, మేనేజర్ లీవివ్వడు’. ఆ మాత్ర చేసేదల్లా అండం విడుదలని వెనక్కి నెట్టడమే. అప్పటికే విడుదలైపోతే దానివల్ల పెద్దగా ఫలితం ఉండదు. అందుకే ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. ఆలస్యమైతే నా దగ్గరికి రండి. అయిదు రోజుల్లోపు కాపర్-టీ వేయొచ్చు, పిల్లలు పుట్టని వాళ్లకీ వేస్తాం.

హోస్ట్: కొందరు నెలకి రెండు మూడు సార్లు వేసుకుంటారని విన్నాను.

డాక్టర్: వేసుకుంటున్నారు. పీరియడ్స్ ఎప్పుడొస్తాయో తెలియక, ఆలస్యమైన ప్రతిసారీ భయపడుతూ కూర్చుంటారు. రోజూ వేసుకునే మాత్రలు ఇంతకన్నా నమ్మకం. కాకపోతే అందరికీ పడవు, బీపీ, మైగ్రేన్ చూసి ఇవ్వాలి. కానీ ఆ స్ట్రిప్ రూమ్మేట్ కంటపడుతుందని, పండక్కి ఊరెళ్తే అమ్మ బ్యాగు సర్దుతుందని భయం. దాచుకోవడం తేలికని ఈ ఒక్క మాత్రకి అలవాటు పడ్డారు.

హోస్ట్: ఇప్పుడు అబ్బాయిల సంగతి చెప్పండి. తిట్లకి రెడీగానే ఉన్నాను.

డాక్టర్: పార్కింగ్‌లో ఉంటారు వాళ్లు! (నవ్వు) నిజంగానే. బిల్లు ఫోన్‌పే చేస్తారు, లోపలికి రారు. పిలిపిస్తే వచ్చి గోడ మీద చార్టులు చదువుతుంటారు. కండోమ్ వద్దన్నది ఎవరని అడిగితే మాత్రం ఇద్దరూ నేల చూస్తారు. ‘టాబ్లెట్ ఉందిగా’ అనేది అతను, వాంతులు పడేది ఆమె. సుఖవ్యాధులకి ఆ టాబ్లెట్ పనిచేయదని కూడా తెలియని ఇంజనీర్లు ఉన్నారు బాబూ.

హోస్ట్: చివరిగా ఒకటి. కెరీర్ కోసం, వీసా స్టాంపింగ్ ఉందనో ప్రమోషన్ ఉందనో, ఆన్‌లైన్‌లో అబార్షన్ మాత్రలు తెప్పించుకునే వాళ్లకి ఏం చెప్తారు?

డాక్టర్: స్కాన్ లేకుండా వేసుకోవద్దు. గర్భం గర్భసంచిలో ఉందా, ట్యూబులో ఉందా అనేది ముందు తెలియాలి. ట్యూబులో ఉన్నదానికి ఆ మాత్రలు పనిచేయవు, ట్యూబు పగిలితే ప్రాణం మీదికొస్తుంది. ఈమధ్యే ఒకమ్మాయిని రాత్రి రెండింటికి ఆపరేషన్‌కి తీసుకెళ్లాం. ఆఫీసు వాళ్లకి ఫుడ్ పాయిజనింగ్ అని మెసేజ్ పెట్టి మరీ వచ్చింది.

హోస్ట్: ఇప్పుడెలా ఉంది?

డాక్టర్: బాగుంది. ఒక ట్యూబు తీసేయాల్సి వచ్చింది. స్టాంపింగ్ కూడా అయిపోయిందట.

హోస్ట్: మీ దగ్గరికి రావాలనుకునే వాళ్లు ఏం తెచ్చుకోవాలి?

డాక్టర్: చివరి పీరియడ్ తేదీ రాసుకుని రండి. వేసుకున్న మాత్రల అట్ట పారేయకుండా పట్టుకురండి. తాళి అక్కర్లేదు.